నీళ్లు ఆపేదా, పంపేదా? దిగుమతి ప్లంబింగ్ సామాను కోడ్‌లపై పాఠకుల ప్రశ్నలు

విశాఖ రేవు మీదుగా కుళాయిలు, వాల్వులు, ఫిట్టింగులు నేరుగా తెప్పించుకునే వ్యాపారులు గోదావరి డెల్టాలోనూ ఉన్నారు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ కస్టమ్స్ టారిఫ్ కోడ్ దగ్గరే, అంటే సరుకు మీద డ్యూటీ ఎంతో తేల్చే అంకెల దగ్గరే ఆగాయి. ఒక ప్రశ్నకు చెప్పిన విషయం ఇంకొకరికీ అక్కరకొస్తుంది, అన్నీ వరసగా చదవండి.

ప్రశ్న: మాది రావులపాలెంలో శానిటరీ, హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపండి. మొదటిసారి చైనా నుంచి ఇరవై అడుగుల కంటైనర్ తెప్పిస్తున్నాం. ఇత్తడి బిబ్ కాకులు, యాంగిల్ కాకులు, ఇత్తడి నిపుల్స్, ఎల్బోలు, స్టీలు జాలీ అల్లిన కనెక్షన్ పైపులు, వాషర్ల ప్యాకెట్లు ఉన్నాయి. "అంతా ప్లంబింగ్ సామానే కదా, 8481 కింద ఒకే లైనులో పెట్టేద్దాం" అంటున్నారు క్లియరింగ్ చూసే ఆయన. పెట్టొచ్చాండీ?

జవాబు: పెట్టకండి. మీరు రాసిన సరుకులో 8481కి చెందినవి బిబ్ కాకులు, యాంగిల్ కాకులు మాత్రమే. మిగతావి వేరే హెడింగ్‌లకు పోతాయి (కోడ్‌లో మొదటి నాలుగంకెలను హెడింగ్ అని, మొదటి రెండింటిని చాప్టర్ అని అంటారు).

8481 హెడింగ్‌లో ఉన్నది పైపులకు, బాయిలర్లకు, ట్యాంకులకు, తొట్టెలకు వాడే ట్యాపులు, కాకులు, వాల్వులు, ఆ తరహా పరికరాలు. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. లోపల కదిలే మూత ఒకటి ఉంటుంది, అది నీటిని ఆపుతుంది, వదులుతుంది, లేదా తగ్గిస్తుంది. బిబ్ కాక్‌ను చేత్తో తిప్పితే స్పిండిల్ దిగి దారి మూసుకుంటుంది. యాంగిల్ కాకూ అంతే. నిపుల్‌లో గానీ ఎల్బోలో గానీ అలాంటిదేమీ లేదు. ఒక పైపును ఇంకో పైపుకు కలపడమే వాటి పని. కాబట్టి వస్తువు చేతిలోకి తీసుకుని ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది నీటిని ఆపేదా, పంపేదా? ఆపేదైతే 8481 వైపు చూడాలి. ఊరికే కలిపేదైతే దేనితో చేశారో చూడాలి. ఇత్తడి నిపుల్, ఇత్తడి ఎల్బో 7412 20. ఇనుము, ఉక్కు అయితే 7307. అల్యూమినియం 7609. ప్లాస్టిక్ 3917 40.

"ఈ నిపుల్ మా కుళాయితోపాటే అమ్ముతాం, దాని భాగమే కదా, 8481 90 వేస్తే తప్పేంటి?" అని కొందరు వాదిస్తారు. ఆ దారి టారిఫ్‌లోనే మూసేశారు. లోహాల సెక్షన్ 15లోని రెండో నోట్ పైపు ఫిట్టింగులను, బోల్టులు, స్క్రూలను "సాధారణ వాడుక భాగాలు" అంటుంది. అలాంటివి యంత్రాల సెక్షన్‌లోకి రావని సెక్షన్ 16లోని ఒకటో నోట్ జీ క్లాజు చెబుతుంది. ప్లాస్టిక్‌తో చేసిన అదే తరహా సామానుకూ ఇది వర్తిస్తుంది. కుళాయి హ్యాండిల్ బిగించే స్టీలు స్క్రూ విడిగా వస్తే అది 7318. స్పిండిల్, హ్యాండిల్ విడిగా వస్తే అవి నిజంగా కుళాయి భాగాలు, 8481 90.

కుళాయి కోడ్‌లో మొదటి ఆరంకెలు ప్రపంచమంతా ఒకటే, చివరి రెండూ మన దేశం పెట్టుకున్నవి. ఆ రెండంకెల దగ్గర లోహం చూడాలి. ఇనుము, ఉక్కు ట్యాపు 8481 80 10. ఇత్తడి, జింకు లాంటి ఇనుమేతర లోహాల ట్యాపు 8481 80 20. క్రోమ్ పూత వేసినంత మాత్రాన ఇత్తడి ఇత్తడి కాకుండా పోదు. ఒక ముక్క తీసుకుని మర లోపలి అంచున సూదితో గీయండి. పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద తెలుపు కనిపిస్తే జింకు మిశ్రమం కావచ్చు. కోడ్ రెండిటికీ ఒకటే అయినా ధరలో చాలా తేడా ఉంటుంది. ఇన్‌వాయిస్‌లో ఇత్తడి అని రాసి జింకు వస్తే అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. అయస్కాంతం పరీక్షను మాత్రం నమ్మకండి. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ కూడా సాధారణంగా అయస్కాంతానికి పట్టదు.

ఎక్కువమంది బోల్తా పడేది కనెక్షన్ పైపు దగ్గర. పైన స్టీలు జాలీ తళతళలాడుతుంటే మెటల్ హోస్ అని రాసేస్తారు. ఒక శాంపిల్‌ను మధ్యకు కోసి చూడండి. నీళ్లు పారే లోపలి గొట్టం మెత్తగా సాగే రబ్బరు అయితే, అంటే సప్లయర్ స్పెసిఫికేషన్‌లో ఈపీడీఎం అని ఉంటే, అది 4009. పైన అల్లిక పూర్తిగా స్టీలు తీగే అయ్యి రెండు చివర్లా నట్లు బిగించి ఉంటే 4009 22. తక్కువ ధర పైపుల్లో స్టీలు తీగల మధ్య నైలాన్ పోగులు కలిపి అల్లుతారు. 4009 22 ఉన్న వరసకు "లోహంతో మాత్రమే" బలపరచినవి అనే షరతు ఉంది. నైలాన్ కలిస్తే ఆ షరతు నిలవదు, 4009 42 చూడాలి. లోపలి గొట్టం పీవీసీ లాంటి ప్లాస్టిక్ అయితే 3917. రబ్బరూ ప్లాస్టికూ లేకుండా ముడతలు ముడతలుగా వంగే స్టీలు గొట్టమే అయితే అప్పుడు 8307 10. షెల్ఫ్‌లో పక్కపక్కన పెడితే పైకి ఒకేలా కనిపించే నాలుగు పైపులకు నాలుగు కోడ్‌లు!

వాషర్లు ఉత్త రబ్బరువే అయితే 4016 93. రబ్బరు, ఫైబర్, లోహం లాంటి వేర్వేరు పదార్థాల వాషర్లు కలిపి ఒకే పౌచ్‌లో వస్తే 8484 90.

కోడ్ సరిగ్గా పెట్టినా వర్ణన సరిగ్గా లేకపోతే ఫైలు ఆగుతుంది. 2020 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ నడుస్తోంది. సరుకు విశాఖలో దిగినా బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే డిక్లరేషన్) పరిశీలించే అధికారి ఇంకో రేవులో ఉండొచ్చు. ఆయన పెట్టె విప్పి చూడరు, కాగితమే చూస్తారు. "ప్లంబింగ్ మెటీరియల్, 480 కార్టన్లు" అని ఉంటే క్వెరీ, అంటే వివరణ అడుగుతూ అధికారి ప్రశ్న, రాక తప్పదు. "ఇత్తడి యాంగిల్ కాక్, క్రోమ్ పూత, 15 మి.మీ., చేత్తో తిప్పేది, మోడల్ నంబరు ఇది, 2,400 ముక్కలు" అని ఉంటే అడగడానికి పెద్దగా మిగలదు. సరుకు ఓడ ఎక్కకముందే ఇన్‌వాయిస్‌లోనూ ప్యాకింగ్ లిస్టులోనూ ఇదే వర్ణన రాయించండి. కేటలాగు పేజీలు, కోసిన హోస్ ఫొటో కస్టమ్స్ కాగితాలు పెట్టే ఆన్‌లైన్ వేదిక ఈ-సంచిత్‌లో ఎక్కించండి.

ప్రశ్న: ఉప్పాడ దగ్గర రొయ్య పిల్లల హేచరీకి థాయ్‌లాండ్ నుంచి పీవీసీ యూనియన్ బాల్ వాల్వులు తెప్పిస్తున్నామండి. అంతా ప్లాస్టిక్కే కాబట్టి 3917 అనుకున్నాం. సప్లయర్ ఇచ్చిన, సరుకు ఏ దేశానిదో చెప్పే ఫారం ఏఐ ఆరిజిన్ సర్టిఫికెట్‌లోనూ 3917 40 అనే ఉంది. ఇప్పుడు బ్రోకర్ 8481 అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: బ్రోకర్ గారిదే సరైన మాట. 8481లో వాల్వు ఏ పదార్థంతో చేశారన్నది అడ్డు కాదు. యంత్రాల సెక్షన్‌కు చెందిన వస్తువులను చాప్టర్ 39 తన నోట్‌లోనే బయట పెట్టింది. ప్లాస్టిక్ బాల్ వాల్వు 8481 80 90లోకి వస్తుంది. యూనియన్ నట్లు రెండు వైపులా ఉన్నాయని అది ఫిట్టింగ్ అయిపోదు. లోపల బంతి తిరిగి ఉప్పునీటి లైను మూస్తోంది కదా. అదే లైనులో వాడే పీవీసీ పైపు, టీ, రెడ్యూసర్ మాత్రం 3917లోనే ఉంటాయి. పదార్థం వల్ల 8481 నుంచి బయటికి పోయేవి కొన్ని ఉన్నాయి: మెత్తటి వల్కనైజ్డ్ రబ్బరు, పింగాణీ, గాజు.

కాలవ నుంచి, చెరువు నుంచి నీళ్లు తోడే మోటారు పైపు అడుగున వేసే ఫుట్ వాల్వు ఒకవైపే తెరుచుకుంటుంది. అది నాన్ రిటర్న్ వాల్వు కోవలోనిది, 8481 30 00. దాన్ని "ప్లాస్టిక్ జల్లెడ" అని రాసిన ఇన్‌వాయిస్‌లు వస్తుంటాయి, జాగ్రత్త.

మీకు అసలు చిక్కు సర్టిఫికెట్‌తో. థాయ్‌లాండ్ లాంటి ఆసియాన్ దేశాలతో ఉన్న ఒప్పందం కింద డ్యూటీ రాయితీ కావాలంటే సాధారణ నియమం ప్రకారం ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా అయిన) విలువలో కనీసం 35 శాతం ఆ ప్రాంతపు విలువ ఉండాలి. పైగా బయటి ముడిసరుకు కోడ్, తయారైన సరుకు కోడ్ ఆరంకెల సబ్ హెడింగ్ స్థాయిలో వేరుగా ఉండాలి. ఆ మార్పు సరుకు కోడ్‌ను బట్టే లెక్కిస్తారు. సర్టిఫికెట్‌లో ఒక కోడ్, బిల్ ఆఫ్ ఎంట్రీలో ఇంకోటి ఉంటే "నియమం ఏ కోడ్‌కు సరిచూశారు?" అని అడగడం సహజం. సర్టిఫికెట్‌కు సరిపోవాలని మీ కోడ్‌ను 3917కి మార్చుకోకండి. సరైన కోడ్‌తో సర్టిఫికెట్ తిరిగి ఇప్పించమని సప్లయర్‌కు రాయండి. 2020లో వచ్చిన ఆరిజిన్ నిబంధనల ప్రకారం ఫారం 1లోని వివరాలు, అంటే ఏ ముడిసరుకు ఎక్కడిది, ఏ పని ఎక్కడ జరిగింది అన్నవి దిగుమతిదారు దగ్గరే ఉండాలి, అయిదేళ్లు దాచాలి. "సర్టిఫికెట్ ఉంది, మిగతాది సప్లయర్‌ను అడగండి" అంటే ఇప్పుడు చెల్లదు.

ప్రశ్న: తణుకులో మిల్లులకు, ఆహార పరిశ్రమలకు స్టెయిన్‌లెస్ ఫిట్టింగులు సప్లై చేస్తాం. మర ఉన్న 304 ఎల్బోలు, టీలు 7307 22 కింద వేస్తున్నాం. ఈసారి అధికారి 7307 19 అని క్వెరీ పెట్టారు. స్టెయిన్‌లెస్‌కు విడిగా వరస ఉంటే 19 ఎలా అవుతుంది?

జవాబు: 7307 వరసను పైనుంచి కిందికి చదివితే విషయం తేలుతుంది. మొదట "పోత పోసిన ఫిట్టింగులు" అన్న వర్గం ఉంది. అందులో 7307 11 మాలియబుల్ కాని పోత ఇనుముది, 7307 19 మిగతా పోతలన్నిటిది. ఆ తర్వాతే "ఇతరమైనవి, స్టెయిన్‌లెస్ స్టీలువి" అని 21 నుంచి 29 వరకు మొదలవుతుంది. "ఇతరమైనవి" అంటే పోత కానివి అని. కాబట్టి కరిగించి అచ్చులో పోసిన స్టెయిన్‌లెస్ ఎల్బో మొదటి వర్గంలోనే ఆగిపోతుంది, 7307 19. బార్ నుంచి తీసినది, ఫోర్జ్ చేసినది (లోహాన్ని కొట్టి, అదిమి చేసినది), గొట్టాన్ని వంచి చేసినది అయితేనే ఎల్బో 7307 22 దాకా వస్తుంది, టీ అయితే 7307 29.

మార్కెట్లో తక్కువ ప్రెషర్‌కు వాడే మర ఫిట్టింగులు చాలావరకు ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌తో, అంటే మైనపు నమూనా మీద కట్టిన అచ్చులో పోత పోసి చేసినవే. చేతిలోకి తీసుకుని చూడండి. ఒంటి మీద సైజు, గ్రేడు అక్షరాలు ఉబ్బెత్తుగా పోతలోనే వచ్చాయా? మర లేని చోట పైభాగం కాస్త గరుకుగా, ఇసుక రాసినట్టు మ్యాట్‌గా ఉందా? మూలలు గుండ్రంగా ఉన్నాయా? ఇవి పోత గుర్తులు. ఫోర్జ్ చేసిన దాని ఒళ్లు దిట్టంగా, బరువుగా ఉంటుంది, అక్షరాలు సాధారణంగా స్టాంపింగ్‌తో లోపలికి దిగి ఉంటాయి. ఒక్క గుర్తుతో తేల్చేయకండి. మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌లో తయారీ విధానం రాయించుకోవడం ఖాయమైన పని. ఏఎస్‌టీఎమ్ ఏ351 అని ఉంటే అది పోత పదార్థం, ఏ182 అని ఉంటే ఫోర్జింగ్.

జీఐ ఫిట్టింగులు తెప్పించేవారికీ ఇదే లెక్క. అవి సాధారణంగా మాలియబుల్ పోత ఇనుముతో చేసి జింకు పూత వేసినవి. 7307 11లో ఉన్నది మాలియబుల్ కానిదే కాబట్టి ఇవి 7307 19.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో షోరూమ్ ఉంది. ఒకే పెట్టెలో వచ్చే బాత్రూమ్ సెట్లకు ఒకే కోడ్ పెట్టొచ్చా? ఫ్లష్ ట్యాంకులో ఉండే వాల్వు సంగతేంటి?

జవాబు: ఒకే కోడ్ రావాలంటే మూడు షరతులు కుదరాలి. వేర్వేరు హెడింగ్‌ల వస్తువులు కనీసం రెండు ఉండాలి. అవన్నీ ఒక అవసరానికి కలిసి పనికి రావాలి. తిరిగి ప్యాక్ చేయకుండా కొనుగోలుదారుకు అలాగే ఇచ్చేలా ఉండాలి. అప్పుడు టారిఫ్ వర్గీకరణ నియమాల్లోని మూడో రూల్ బీ క్లాజు ప్రకారం, సెట్‌కు అసలు స్వరూపం ఇచ్చే వస్తువు కోడే మొత్తానికి వర్తిస్తుంది. బేసిన్ మిక్సర్‌తో రెండు కనెక్షన్ పైపులు, బిగించే నట్లు ఒకే రిటైల్ పెట్టెలో ఉంటే మొత్తం మిక్సర్ కోడే, 8481. పింగాణీ కమోడ్, దాని ప్లాస్టిక్ సీటు కవరు, ఫ్లష్ సామాను కలిపి ఒక పెట్టెలో వస్తే 6910. రవాణా సౌలభ్యం కోసం పెద్ద కార్టన్‌లో కలిపి పెట్టి షోరూమ్‌లో విప్పి విడివిడిగా అమ్మే వాటిని సెట్ అనకండి.

ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు లోపలి యంత్రాంగంతో కలిపి వచ్చినా 3922 90. పింగాణీ ట్యాంకు 6910. అదే బాల్ కాక్ గానీ ఫ్లష్ వాల్వు గానీ స్పేర్‌గా విడిగా వస్తే 8481. ప్లాస్టిక్ సీటు కవరు ఒక్కటే వస్తే 3922 20. స్టెయిన్‌లెస్ కిచెన్ సింకు 7324 10. వాసన ఆపే యూ వంపు ట్రాపులో నీళ్లు నిలుస్తాయే గానీ కదిలే మూత లేదు. కాబట్టి అది 8481 కాదు, పదార్థం చాప్టర్‌కే పోతుంది.

రిటైల్ పెట్టెల మీద దిగుమతిదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, ఎన్ని ముక్కలు, నెల, సంవత్సరం, తయారైన దేశం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి ఫోన్, ఈమెయిల్ ఉండాలి. ఇది తూనికలు కొలతల శాఖ 2011 ప్యాకేజీ నిబంధన. అక్కడే ముద్రించి పంపమని సప్లయర్‌కు చెప్పడం తేలిక. సరుకు దిగాక వేల పెట్టెలకు స్టిక్కర్లు అంటించడం మొదలుపెడితే గోడౌన్ అద్దె రోజురోజుకూ పెరుగుతుంది.

ప్రశ్న: డ్యూటీ ఎంత పడుతుందో ముందే లెక్క వేసుకోవడం ఎలాగండి? – మండపేట పాఠకుడు

జవాబు: రేట్లు బడ్జెట్‌కూ నోటిఫికేషన్‌కూ మారుతుంటాయి, బిల్ వేసే రోజు చూసుకోండి. లెక్క పద్ధతి తెలియడానికి బేసిక్ డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం అనుకుందాం. సరుకు ఎఫ్‌ఓబీ రూ. 10,00,000, ఓడ కిరాయి రూ. 60,000. బీమా ఎంతో కాగితం లేకపోతే ఎఫ్‌ఓబీ మీద 1.125 శాతం కలుపుతారు, రూ. 11,250. విలువ రూ. 10,71,250 అయింది. బేసిక్ డ్యూటీ రూ. 1,07,125. దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి రూ. 10,712.50. ఈ మూడింటి మొత్తం రూ. 11,89,087.50 మీద ఐజీఎస్టీ రూ. 2,14,035.75. రేవులో కట్టేది రూ. 3,31,873.25.

ఇందులో ఐజీఎస్టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. సరుకు ధరలో కలిసిపోయేది బేసిక్, సర్‌చార్జి కలిపి రూ. 1,17,837.50. ఓడ కిరాయికి కాగితం లేకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం వేస్తారు. పై ఉదాహరణలో అరవై వేలకు బదులు రెండు లక్షలు! ఆ రసీదు భద్రంగా తెప్పించుకోండి. డాలరుకు బ్యాంకు రేటు కాకుండా కస్టమ్స్ ప్రకటించిన రేటు వాడాలి. ఓడ వచ్చే రోజుకు ముందురోజు ముగిసేలోపు బిల్ ఆఫ్ ఎంట్రీ పడాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు రూ. 5,000, ఆ తర్వాత రోజుకు రూ. 10,000. కోడ్ తేల్చుకోవడం ఓడ వచ్చాక మొదలుపెట్టేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మీ అమ్మకం బిల్లులోనూ అదే కోడ్ ఉండాలి. 7412 కింద దిగుమతి చేసుకున్న నిపుల్‌ను 8481 కింద అమ్మితే జీఎస్టీ ఆడిట్‌లో రెండు కాగితాలూ పక్కపక్కన పెడతారు.

ప్రశ్న: సరుకు అమలాపురం చేరాక చూసుకుంటే రెండు లైన్లకు కోడ్ తప్పు పడింది. ఒక దాంట్లో డ్యూటీ ఎక్కువ కట్టాం, ఒక దాంట్లో తక్కువ. బ్రోకర్ వదిలేయమంటున్నారు.

జవాబు: రెండూ వదలొద్దు.

తక్కువ కట్టిన దాన్ని ముందు సరిచేయండి. నోటీసు రాకముందే మీరుగా తేడా సొమ్ము, 15 శాతం వార్షిక వడ్డీతో కట్టి రాతపూర్వకంగా తెలియజేస్తే, దురుద్దేశం లేని కేసుల్లో కస్టమ్స్ చట్టం సెక్షన్ 28 ప్రకారం ఆ మేరకు నోటీసూ ఉండదు, జరిమానా ఉండదు. ఊరుకుంటే మామూలు కేసులో రెండేళ్ల వరకు, కావాలని దాచారని తేలితే అయిదేళ్ల వరకు డిమాండ్ వేయొచ్చు. దాచారన్న కేసులో డ్యూటీకి సమానమైన పెనాల్టీ కూడా ఉంది. పొరపాటును తెలిసి తెలిసి వదిలేశారని రేపు ఎవరైనా అంటే, బ్రోకర్‌తో మీరు ఫోన్‌లో నడిపిన సందేశాలే సాక్ష్యం అవుతాయి.

ఎక్కువ కట్టిన దాని దారి వేరు. రిఫండ్ దరఖాస్తుకు గడువు ఏడాది. కానీ దరఖాస్తు ఒక్కటే పెడితే దాన్ని తిప్పి పంపేస్తారు. డ్యూటీ లెక్క దిగుమతిదారే వేసుకున్న సెల్ఫ్ అసెస్‌మెంట్ అయినా సరే, ఆ అసెస్‌మెంట్‌ను సవరించుకోకుండా రిఫండ్ అడగడం కుదరదని 2019లో ఐటీసీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సవరణకు సెక్షన్ 149 ఉంది. క్లియరెన్స్ నాటికే ఉన్న కాగితాల ఆధారంగానే అది సాగుతుంది. అందుకే మొదటి జవాబులో ఇన్‌వాయిస్ వర్ణన గురించి అంతగా చెప్పింది. "ఇత్తడి ఎల్బో, మూత లేనిది" అని ఆనాటి ఇన్‌వాయిస్‌లోనే ఉంటే పని జరుగుతుంది, లేకపోతే సప్లయర్ ఇప్పుడు రాసిచ్చే ఉత్తరానికి బలం లేదు. అప్పీలు దారి అయితే 60 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లాలి. 2025 ఫైనాన్స్ చట్టంతో సెక్షన్ 18ఏ కూడా చేరింది. క్లియరెన్స్ తర్వాత దిగుమతిదారే ఎంట్రీని స్వయంగా సవరించుకునే వీలు అందులో ఉంది. మీ బిల్ దాని పరిధిలోకి వస్తుందో లేదో ముందు చూడమని బ్రోకర్‌ను అడగండి. ఏ దారిలో వెళ్లినా, ఆ అదనపు డ్యూటీని కొనుగోలుదారు మీద వేయలేదని చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నానండి. సింగిల్ లివర్ మిక్సర్లలో వేసే కార్ట్‌రిడ్జ్‌లు స్పేర్‌గా తెప్పించాలి. ఒకరు 8481 90 అంటారు, ఒకరు 8481 80 అంటారు, ఇంకొకరు లోపల పింగాణీ బిళ్లలున్నాయి కాబట్టి చాప్టర్ 69 అంటారు. ఏం చేయాలి?

జవాబు: పింగాణీ బిళ్లలు విడిగా వస్తే చాప్టర్ 69 మాట నిలుస్తుంది, ఎందుకంటే పింగాణీ యంత్రభాగాలను చాప్టర్ 84 ఒకటో నోట్ బయట పెట్టింది. ప్లాస్టిక్ గూడులో బిళ్లలు, స్పిండిల్, సీలు బిగించి ఉన్న పూర్తి కార్ట్‌రిడ్జ్‌కు మొదటి రెండు వాదనలకూ ఆధారం ఉంది. నీటిని ఆపే పని అదే చేస్తుంది కాబట్టి వాల్వు అనొచ్చు. బాడీ లేకుండా అది ఏ పైపుకూ బిగియదు కాబట్టి భాగం అనొచ్చు. ఇలాంటి చోట ఊహతో వెళ్లకండి. ఏటా తెప్పించే సరుకైతే అడ్వాన్స్ రూలింగ్, అంటే కోడ్ మీద ముందే ఇచ్చే అధికారిక నిర్ణయం తీసుకోండి. ఢిల్లీ, ముంబైలలో కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీలున్నాయి. దరఖాస్తు ఫారం సీఏఏఆర్-1, ఫీజు రూ. 10,000. మూడు నెలల్లో నిర్ణయం ఇవ్వాలి, వచ్చిన రూలింగ్ చట్టం పెట్టిన గడువు దాకా చెల్లుతుంది. చట్టం గానీ వాస్తవాలు గానీ మారితే ఆ లోపే ఆగిపోతుంది.

దరఖాస్తుతో పాటు కార్ట్‌రిడ్జ్ రెండు ముక్కలు పెట్టండి, ఒకటి పూర్తిగా, ఒకటి విప్పి. విప్పిన దాంట్లో పై బిళ్ల, కింది బిళ్ల, లివర్ పిన్ను, అడుగున మూడు రంధ్రాల రబ్బరు సీలు వరసగా అంటించి ఒక్కొక్కటీ ఏం చేస్తుందో పక్కనే రాయండి. కుళాయి బాడీలో అది ఎక్కడ కూర్చుంటుందో చూపే కోత బొమ్మ ఒకటి సప్లయర్ దగ్గర అడిగి జత చేయండి.